విశ్రాంతి గది

మేడ మీది పనిగది,
జనవరి 17, శుక్రవారం.

ప్రియమైన పుల్లకి,

నీ బొద్దు అనేక నమస్కారాలతో రాస్తున్నది. నేను ఇక్కడ కులాసా. నువ్వు కులాసాగా ఉన్నావా అని అడిగే హక్కు నాకు మిగిలిందో లేదో తెలియదు. ఉత్తరం అన్నాక మొదట అడగాల్సింది అదే కాబట్టి అడుగుతున్నాను. ఒంట్లో ఎలా ఉంది? మెడనొప్పి తగ్గిందా? నిచ్చెనెక్కినప్పుడు ఇంకా తల వెనక్కి వాల్చే రాస్తున్నావా? ఓడరేవులో గాలికి రంగు తొందరగా ఆరిపోతుందని ఎవరో అన్నారు. నిజమేనా?

నీ కార్డు మొన్న అందింది. రెండేళ్ళ నాలుగు నెలల తర్వాత నీ చేతిరాత. ముందు రాతే చూశాను, మాటలు తర్వాత చదివాను. నువ్వు అడిగింది ఒక్కటే. అమ్మ ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ దగ్గర ఎవరైనా ఉన్నారా, అక్కడ నీకు తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి కనుక్కుని చెప్పు, అని. కింద సంతకం కూడా పెట్టలేదు.

కనుక్కున్నాను. ఒకావిడ ఉందట. ఆవిడ సంగతి చెప్పాలంటే చాలా వెనక నుంచి రావాలి. తెలిసిందే చెబుతోందని విసుక్కోకు. ఏదైనా మొదటి నుంచి మొదలుపెడితేగాని నాకు చెప్పడం రాదు.

మేడ మీద ఆకుపచ్చ నీళ్ళ పైపు గుర్తుందా? పాల డిపో వాళ్ళు ప్యాకెట్టు మీదికి కొత్త అక్షరాలు కావాలన్నప్పుడు నువ్వు వారం రోజులు కలం ముట్టుకోలేదు. ఒకరోజు మొక్కలకు నీళ్ళు పోస్తూ పోస్తూ ఆ పైపును నేల మీద వంచి ‘అ’ చేశావు. మందం ఎక్కడా మారలేదు, మొన ఎక్కడా తేలలేదు. కొసలు బొటనవేలి చివరల్లా గుండ్రంగా ఆగిపోయాయి. నన్ను కేకేసి, చూడవే, కొరకని అక్షరం, అన్నావు. ఆ సాయంత్రానికి పైపుతో ‘ఱ’ దాకా వచ్చాం. కింది దర్జీ పైకొచ్చి, నీళ్ళు రావట్లేదు, పైపు మీద ఎవరు నిలబడ్డారు అని అడిగాడు.

నువ్వు ముందు సన్నగీతలో ప్రతి అక్షరానికీ ఎముక గీసేదానివి. నేను దాని చుట్టూ కండ పెట్టేదాన్ని. కండ పెట్టడం తేలికని అందరూ అనుకుంటారు. మన అక్షరాల్లో ఉన్న అవస్థ అంతా కడుపులోనే. మందం పెంచేకొద్దీ లోపలి ఖాళీ పూడుకుపోతుంది. ‘థ’ కడుపులో చుక్క పెడితే చుక్కకీ గోడకీ మధ్య వెంట్రుక దూరదు. వత్తులు కింద ఇరుక్కుని, బస్సులో నిలబడ్డవాళ్ళలా ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుతాయి. మీ అమ్మ, నా ప్రూఫుల పిన్ని, ప్రెస్సు నుంచి వస్తూ వస్తూ మన గోడ మీది కాగితాలు చూసేది. ముప్ఫై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్దిన కళ్ళు కదా. కళ్ళజోడు పైకెత్తి, కడుపులో గాలి ఆడనివ్వండే, లేకపోతే చదివేవాడికి ఊపిరాడదు, అంది. ‘థ’ని మనం పదిహేడుసార్లు గీసింది ఆ మాట మీదే.

ఆ అక్షరాలకు పేరు నువ్వే పెట్టావు. ఏం పేరు పెడదామని నేను ఆలోచిస్తుంటే నా వైపు ఎగాదిగా చూసి, బొద్దు, అన్నావు. నేను అలిగాను. రెండు రోజులే.

తర్వాత అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో నీకూ తెలుసు. పాల ప్యాకెట్టు, పిల్లల సబ్బు, బుల్లి బడి వ్యాను, దగ్గు మందు సీసా. తర్వాత బ్యాంకు వాళ్ళు వచ్చారు, మమ్మల్ని చూసి జనం భయపడకూడదు అన్నారు. ఆ తర్వాత కరెంటు వాళ్ళు. ట్రాన్స్‌ఫార్మర్ల మీద ‘ప్రమాదం’ అని బొద్దులో రాయించుకున్నారు. మొదటి బోర్డు చూసి నువ్వు పడీ పడీ నవ్వావు, ఏదో మిఠాయి పేరులా ఉంది, అన్నావు. ఇంటికి వెళ్ళేదారిలో ఉన్నట్టుండి నవ్వు ఆపి, అది చూసి ఎవరైనా చెయ్యి పెడితే, అని అడిగావు. పుర్రె బొమ్మ కూడా ఉంది కదా అన్నాను నేను.

శనివారం

నిన్న అక్కడ ఆపేశాను. కింద కుట్టుమిషను చప్పుడు ఆగిపోతే నాకు రాయబుద్ధి కాదు.

ఆసుపత్రి సంగతి. రెండువందల పన్నెండు బోర్డులు. అంత పెద్ద పని మనకు అంతకుముందు రాలేదు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే ఆ అడ్మిన్ మేడమ్ మనల్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళి ఎర్ర బోర్డు చూపించింది. ‘శవాగారం’ అని, కత్తితో చెక్కినట్టున్న అక్షరాలు. పక్కనే ఎక్స్‌రే గది. పిల్లల వార్డు నుంచి చక్రాల కుర్చీలో వచ్చిన ఒక పాప కూడబలుక్కుని ఆ బోర్డు చదివి, కేకలు పెట్టి, ఎక్స్‌రే తీయించుకోనందట. దీన్ని కూడా మీ మెత్తటి అక్షరాల్లోకి మార్చండి, పేరూ మార్చుదాం, ‘విశ్రాంతి గది’ అని రాయండి, అంది.

నువ్వు వెంటనే, గది తొమ్మిది అని రాయండి, ఏమీ రాయకండి, తెర కట్టండి, కానీ లేనిది ఉన్నట్టు రాయకండి, అన్నావు. ఒకరకంగా విశ్రాంతే కదా అన్నాను నేను. లోపల పడుకున్నవాళ్ళని అడిగొచ్చి చెప్పు, అన్నావు. మేడమ్ ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది.

పనిగదికి వచ్చాక జరిగిన గొడవ మళ్ళీ రాయను. నేను అన్న మాట ఒక్కటి మాత్రం రాస్తాను, మరిచిపోయిందని నువ్వు అనుకోకుండా. నీ ఎండుపుల్లల అక్షరాలు ఎవరికీ అక్కర్లేదు, అందుకే నా వాటి మీద పడి ఏడుస్తున్నావు, అన్నాను. నువ్వు కుంచెలు డబ్బాలో సర్దుకున్నావు. నాది ఒక కుంచె పొరపాటున నీ డబ్బాలో పడితే తీసి బల్ల మీద పెట్టి మరీ వెళ్ళావు.

బోర్డు నేనే రాశాను. మీగడ రంగు పలక, నీలం అక్షరాలు. రాసేటప్పుడు ఏమాటకామాటే, చాలా బాగా వచ్చింది. ‘శ్రాం’లో వత్తు ఒడిలో పిల్లాడిలా ఒదిగింది. సున్న మాత్రం లారీ టైరంత అయింది.

బిగించిన ఆరు వారాలకు ఫోను వచ్చింది. శవాగారం చూసుకునే పెద్దమనిషి. నడుముకి తాళాల గుత్తి ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ తాళాలాయన అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గదికి ఆయనే కాపలా. బోర్డు కింది మూల మీ నెంబరు ఉందమ్మా, రాసింది మీరేనా, అని అడిగాడు. అవునండీ అన్నాను. జనం వచ్చి మంచం ఖాళీ ఉందా అంటున్నారమ్మా, అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అయినా వెళ్ళాను.

ఆ నేలమాళిగ నువ్వు చూసినప్పటిలాగే ఉంది. పైకప్పు కింద పైపు చెమటోడుస్తూ ఉంటుంది. ఫినాయిలు వాసన. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వార్డుల్లోంచి బంధువులందరినీ బయటికి పంపేస్తారు. కూర్చునే చోటు లేక వాళ్ళు బోర్డులు చదువుకుంటూ తిరుగుతారు. మెట్ల దగ్గర మన బాణం గుర్తు. ‘విశ్రాంతి గది’. అది పట్టుకుని కిందికి వస్తారు. తలుపు ముందు చెప్పులు విడుస్తారు. తలుపు తోస్తారు. లోపల చూసి అటు వెనక తలుపు నుంచి పరుగో పరుగు. చెప్పుల కోసం ఎవరూ తిరిగి రారు. తాళాలాయన వాటిని అట్టపెట్టెలో వేసి ఉంచాడు. తోలువి, రబ్బరువి, ఒక ఎత్తుమడమల జోడు. అడుగున చిన్నపిల్లల జోడు ఒకటి ఉంది, నడిస్తే మడమలో దీపం వెలిగే రకం. పెట్టె కదిపితే దీపం మిణుకుమిణుకుమంది. ఇవి ఎవరివి అన్నాను. తెలీదమ్మా, అన్నం తినొచ్చేసరికి తలుపు ముందు ఉన్నాయి, ఏ పిల్లా తప్పిపోయిందని ఎవరూ అనలేదు, వార్డులో కూడా అడిగాను, అన్నాడు.

పెట్టె మూత మూస్తూ ఆయన ఇంకో మాట అన్నాడు. అందరూ పారిపోరమ్మా, అన్నాడు. కొంతమంది లోపల ఏముందో చూస్తారు. చూసి కూడా గోడవార బెంచీ మీద కూర్చుంటారు. ఒకాయన వరసగా మూడు మధ్యాహ్నాలు వచ్చాడు. లేవండి బాబూ, ఇక్కడ కూర్చోకూడదు అంటే, బయట రాశారు కదండీ, అన్నాడట.

నేను వెళ్ళి నడవా చివర నిలబడి బోర్డు చూశాను. ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది. అది వెలిగి ఆరినప్పుడల్లా అక్షరాల కడుపులు తెరుచుకుని మూసుకుంటున్నట్టు ఉంది. సున్న మరీను. నిద్రలో ఉన్న మనిషి పొట్ట చూసినట్టు ఉంది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. నాకు ఆవలింత వచ్చింది. పక్కన తాళాలాయన, నాకూ వస్తుందమ్మా, అంతకుముందు ఎప్పుడూ రాలేదు, అన్నాడు. మామూలుగానే అన్నాడు.

నేను పైకి వెళ్ళి అడ్మిన్ మేడమ్‌కి చెప్పాను. బోర్డు మారినప్పటి నుంచి పిల్లలెవరూ ఏడవడం లేదండీ, ఎంత మంచి పని చేశారు, అంది. ఇంటికి వచ్చేశాను. ఆ రోజే స్క్రూడ్రైవరు తీసుకుని దాన్ని ఊడదీసి ఉండాలి. తీయలేదు. నువ్వు చెప్పినట్టే జరిగిందని ఒప్పుకోవాల్సి వస్తుందని తీయలేదు.

ఇంక పిన్ని సంగతి.

సెప్టెంబరు మొదట్లో జ్వరం. నాలుగు రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. మూడో వార్డు, కిటికీ పక్క మంచం. ఆవిడ అక్కడున్నన్నాళ్ళూ ఒకావిడ దగ్గర ఉందని నర్సు చెప్పింది. మన వయసే ఉంటుందట. దూరపు చుట్టమట. రిజిస్టరులో పేరు తడిసి చెదిరిపోయింది, చదవరావడం లేదు. పొద్దున్నే వచ్చేదట, పేపరు పట్టుకుని. పిన్ని పడుకునే అందులో తప్పులు వెతికేదట. అయిదో రోజు నర్సును పెన్సిలు అడిగి, మంచం పక్క గోడ మీది నోటీసులో ‘సహాకరించండి’ని ‘సహకరించండి’ అని దిద్దిందట. దీర్ఘం కొట్టేసి, పక్కన మార్జిన్లో గుర్తు కూడా పెట్టిందట, కంపోజిటరు ఎవరో వచ్చి మారుస్తాడన్నట్టు. ఆ నోటీసు ఇంకా అలాగే ఉంది. నేను చూశాను. నువ్వు వస్తే చూపిస్తాను.

అన్నం తినేదా అని అడుగుతావు. తినేది, కొంచెం. నొప్పి ఉండేదా అంటే, ఊపిరి తీసుకునేటప్పుడు ఉండేది, చివరి రెండు రోజులూ మందు ఇచ్చారు. కోపం వస్తే నర్సుల మీద కాక ఫ్యాను మీద చూపించేదట.

పదకొండో రోజు పొద్దున పదకొండుకి పావుగంట ముందు పోయింది. పక్కన ఆ ఆవిడ ఉంది. చెయ్యి పట్టుకునే ఉంది. ఇది నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు. ఒంటరిగా పోలేదు. దీన్ని మళ్ళీ చదువుకో.

తర్వాత జరిగింది తాళాలాయన చెప్పాడు. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీ దగ్గర దాచకూడదనిపించింది.

పన్నెండింటికి పిన్నిని కిందికి తెచ్చారు. ఒంటి మీద తెల్ల దుప్పటి, దాని మీద ఆసుపత్రి నీలం కంబళి. తాళాలాయన తన చేత్తో రెండూ సర్ది, చేతులు లోపల పెట్టి, తలుపు దగ్గరికి లాగి ఒకటిన్నరకు అన్నానికి వెళ్ళాడు. పైన వార్డులో ఆ ఆవిడతో సంతకం పెట్టించాల్సి ఉంటే మనిషి కనబడలేదు. క్యాంటీనులో చూశారు, గేటు దగ్గర చూశారు. మూడు రోజులుగా ఆవిడకి నిద్ర లేదని నర్సు అంది.

నాలుగింటికి తాళాలాయన తలుపు తీశాడు. తలుపు ముందు చెప్పులు ఉన్నాయి, పక్కపక్కన, చక్కగా. లోపల పిన్ని పక్కన ఖాళీగా ఉండాల్సిన బల్ల మీద ఇంకొకరు ఉన్నారు. పొద్దున లెక్కలో లేని మనిషి. మెడ దాకా నీలం కంబళి. పాదాల కింద అంచు మడిచి దోపి ఉంది, పసిపిల్లలకు దోపినట్టు. ఆయన దగ్గరికి వెళ్ళేసరికి ఆ కంబళి లేచి దిగుతోంది.

లేపాడు. ఆవిడ కళ్ళు తెరిచి, ఎంతయింది, అని అడిగింది. ఎక్కడ పడుకున్నారో తెలుసా అమ్మా, అన్నాడు. తెలుసు అంది. ఈ కంబళి మీరు తీసుకున్నారా, అన్నాడు. లేదండీ, పక్కావిడ కప్పింది, చలేస్తోందా అని అడిగింది, అవునన్నాను, అంది.

ఆయన పిన్ని వైపు చూశాడు. తెల్ల దుప్పటి మాత్రమే ఉంది. కుడిచెయ్యి బయటికి ఉంది, పక్క బల్ల వైపు. నేను లోపల పెట్టానమ్మా, నా చేతులతో పెట్టాను, నాకు బాగా గుర్తు, అని ఆయన నాతో మూడుసార్లు అన్నాడు.

నీకు వచ్చే అనుమానం నాకు తెలుసు. డాక్టరును మళ్ళీ పిలిచారు. ఆయన చూసి, పొద్దున్నే అయిపోయింది, ఇందులో సందేహం లేదు, అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం నకలు ఆసుపత్రి వాళ్ళు నీకు ఇచ్చిన కవరులో రెండో పేజీ. నిద్రమత్తులో ఆ ఆవిడే కంబళి లాక్కుని ఉంటుంది, లాగినప్పుడు చెయ్యి బయటికి వచ్చి ఉంటుంది, అని డాక్టరు అన్నాడట. అలాగే అయి ఉంటుంది. తన పాదాల కింద అంచు తనే ఎలా దోపుకుందని తాళాలాయన అడిగితే డాక్టరు పెన్ను జేబులో పెట్టుకుని మెట్లెక్కాడట. ఇన్నేళ్ళలో నాకు లోపలివాళ్ళంటే భయం వేయలేదమ్మా, ఆ రోజు బయటికొచ్చి ఆ బోర్డు కేసి చూడబుద్ధి కాలేదు, అన్నాడు.

కబురు అంది మూడోనాడు నువ్వు వచ్చావు. అంత్యక్రియల దగ్గర నేను వెనక వరసలో నిలబడ్డాను. నువ్వు చూశావనే అనుకుంటున్నాను.

ఆ వారమే వెళ్ళి బోర్డు ఊడదీశాను. నాలుగు స్క్రూలు. మేడమ్ అడ్డం వచ్చింది. చిరునవ్వు లేకుండా ఆవిడ ముఖం నేను చూడడం అదే మొదటిసారి, అలా చూస్తేనే మనిషిలా ఉంది. జరిగింది చెప్పాను. మరి ఇక్కడ ఏం రాస్తారు, అంది.

అదే పుల్లా, సమస్య. ఇప్పుడు ఆ తలుపు మీద ఏమీ లేదు. గోడ రంగు వెలిసిన చోట పలక ఆకారంలో ఒక తెల్లటి చదరం, మూలల్లో నాలుగు చిల్లులు. తాళాలాయన నిన్న ఫోను చేశాడు. మధ్యాహ్నాలు ఇంకా వస్తున్నారట. మెట్ల దగ్గర బాణం కూడా తీసేశాం, అయినా వస్తున్నారట. ఖాళీ చదరం ముందు నిలబడి, తల కాస్త పక్కకు వాల్చి చూస్తారట, చదువుతున్నట్టు. ఏం కావాలండీ అంటే ఉలిక్కిపడి వెళ్ళిపోతారట. కొందరు చెప్పులు విడిచి, లోపల ఖాళీ ఉందా అని అడుగుతారట.

అక్కడ అసలు మాట రాయాలి. ‘శవాగారం’. నాలుగు నెలలుగా రాస్తున్నాను. బొద్దులో రాస్తే పిల్లల పార్కు పేరులా ఉంది. మందం తగ్గించాను. ఇంకా తగ్గించాను. అంచులు కోశాను. ప్రతిసారీ ఏదో తీపి మిగులుతోంది. చివరికి మొన్న కండంతా ఒలిచేసి చూస్తే లోపల నీ సన్నగీత ఉంది. ఆ ఎముక మీద ఇప్పుడు ఏం పెట్టాలో నాకు తెలియడం లేదు. పిల్లలు ఆ దారిలోనే ఎక్స్‌రేకి వెళ్ళాలి, కాబట్టి అది కరవకూడదు. అబద్ధం మాత్రం ఆడకూడదు. అలాంటి నాలుగక్షరాలు రాయగల మనిషి నాకు ఒక్కరే తెలుసు.

ఓడరేవు పని ఎప్పుడు పూర్తవుతుందో రాయి. రాలేకపోతే కాగితం మీద గీసి పంపు, నేను పలక మీదికి ఎక్కిస్తాను. పలక తెల్లది కొన్నాను. కొలతలు: పొడవు మూడడుగులు, వెడల్పు పది అంగుళాలు.

ఇంతకంటే రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆడడం లేదు. ఒంటిని కాచుకో. నిచ్చెన కింద ఎవరినైనా పట్టుకోమను.

ఎప్పటికీ నీ,
బొద్దు

తా.క. ఆదివారం పొద్దున. కవరు అంటించి, మళ్ళీ చింపాను.

ఆ ఆవిడ నేనే. పేరు చెదిరిపోలేదు. రిజిస్టరులో నీ పేరు రాసి, సంబంధం అన్నచోట ‘కూతురు’ అని రాశాను. బంధువులు కాకపోతే వార్డులోకి రానివ్వం అన్నారు. కింద గదికి పొరపాటున వెళ్ళలేదు. ఆ బోర్డు రాసిందాన్ని, లోపల ఏముంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర నా అక్షరాలు నేనే చదివి, నమ్మాను.

ఇది కాదు నేను చెప్పలేకపోయింది.

మూడో రోజున పిన్ని, దానికి చెప్పకు, పని సగంలో వదిలి పరిగెత్తుకొస్తుంది, అంది. నేను సరేనన్నాను. నీకు ఫోను చేయక్కర్లేదని నాకు హాయి అనిపించింది కూడా. తొమ్మిదో రోజు పొద్దున కళ్ళు తెరిచి, రమ్మను దాన్ని, అంది. నేను మెట్ల మీదికి వెళ్ళాను. నీ నెంబరు ఆఖరి అంకె దాకా నొక్కాను. నా గొంతు విని నువ్వు పెట్టేస్తావని భయం వేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు. తిరిగొచ్చి, చెప్పాను పిన్నీ, బయలుదేరింది, ఎల్లుండికల్లా వచ్చేస్తుంది, అన్నాను. ఒకటిన్నర రోజు ప్రయాణం. అప్పుడు చెప్పి ఉంటే నువ్వు అందుకునేదానివి.

ఆ రెండు రోజులూ ఆవిడ నీకోసం చూసింది. మంచం తలుపు వైపు తిప్పించుకుంది. నర్సు చేత జడ వేయించుకుంది. పదకొండో రోజు పొద్దున నేను పక్కన కూర్చుని ఉంటే, కళ్ళజోడు లేకుండా చాలాసేపు నా వైపు చూసి, వచ్చావా అమ్మలూ, అంది.

వచ్చానమ్మా, అన్నాను.